లైఫ్ రాఫ్ట్ సర్వీసింగ్‌లో అప్రెంటిస్‌గా చేరొచ్చా? కృష్ణపట్నం వైపు తెలిసినవాళ్లు చెప్పండి

అల్లూరు ఫిట్టర్:
అందరికీ నమస్కారం. మాది అల్లూరు దగ్గర పల్లె. నెల్లూరులో ఐటీఐ ఫిట్టర్ అయిపోయింది. ముత్తుకూరు రోడ్డులో ఓడల లైఫ్ రాఫ్టులు (ఓడ మునిగితే మనుషులెక్కే గాలి తెప్పలు), లైఫ్ జాకెట్లు సర్వీస్ చేసే షెడ్డు ఒకటి ఉండాది. హెడ్డాఫీసు చెన్నై. ఏడాది అప్రెంటిస్‌గా తీసుకుంటామన్నారు. స్టైపెండ్ ఏడు వేల చిల్లర. అదే టయానికి రొయ్యల మేత ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ హెల్పర్‌గా పిలిచారు, ఆడ చేతికి రెట్టింపు వస్తది.

మా నాయనది ఒకటే మాట: "ట్యూబుకు గాలికొట్టే పనికి ఐటీఐ ఎందుకురా? సెంటర్లో పంక్చర్ షాపు లేదా?" నేనేం చెప్పాలి, లోపల ఏం చేస్తారో నాకూ తెలవదు. ఇంటర్వ్యూ రోజు చూపించింది ఒక తెల్ల ఫైబర్ డబ్బా, అదీ బిగించి ఉండాది. నిజంగా ఏం నేర్పుతారు? తర్వాత దారి ఉంటుందా? అరవం రాకపోతే కష్టమా? జిగురు వాసనకు ఊపిరితిత్తులు పోతాయంటున్నారు, నిజమేనా?

టంగుటూరు బేరన్:
మేత ఫ్యాక్టరీకే పో తమ్ముడూ, ఆలోచించేదేముంది. ఈళ్లు ఏడాది పాటు షెడ్డు ఊడిపిస్తారు. పాత స్టిక్కర్ పీకి కొత్త స్టిక్కర్ అంటించి బిల్లు వేసే యాపారం అది. ఆ డబ్బా ఎప్పుడైనా తెరిచిందెవరు, చూసిందెవరు?

షార్ ఆశావహుడు:
షార్‌లో (శ్రీహరికోట) ఫిట్టర్ అప్రెంటిస్ పడిందంట గదా, లింకు ఎవరి దగ్గరన్నా ఉందా?

మోడరేటర్:
షార్, రైల్వే నోటిఫికేషన్లకు వేరే చర్చ నడుస్తోంది, అక్కడ అడగండి. ఇక్కడ రాఫ్టుల సంగతే.

రాఫ్ట్ మేస్త్రి:
మాది కొత్తపట్నం. చెన్నైలో ఈ పనిలోనే తల నెరిసింది. బేరన్ అన్న మాటకు తర్వాత వస్తా. ముందు పిల్లోడికి జవాబు.

తమ్ముడూ, మీ నాయన చెప్పింది సగం నిజమే. గాలి కొడతాం. కొట్టాక చేసేదే అసలు పని.

రాఫ్టును మడిచిపెట్టిన ఆ తెల్ల డబ్బా ఓడ మీద ఏడాది పాటు ఎండకీ ఉప్పుగాలికీ కూర్చుని ఉంటుంది. సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందం ప్రకారం 12 నెలలకోసారి దింపి అనుమతి ఉన్న సర్వీస్ స్టేషన్‌లో తెరవాలి. వీలుపడని పరిస్థితిలో ప్రభుత్వం ఒప్పుకుంటే 17 నెలల దాకా పొడిగిస్తారు. డబ్బా తెరిచి మడత విప్పేటప్పుడే సగం సంగతి తెలిసిపోతుంది. అడుగున నీరు చేరిందా, మడతల్లో రబ్బరు ఒకదానికొకటి అంటుకుందా, కుట్టు దగ్గర జిగురు నల్లబడిందా. అంతకన్నా ముందు గ్యాస్ సిలిండర్ హెడ్, అంటే లాగితే గ్యాస్ వదిలే భాగం, విడదీసి పక్కన పెట్టాలి. మా దగ్గర మొదటిరోజు నేర్పేది అదే. అందులో ఉండేది కార్బన్ డయాక్సైడ్, దానికి తోడు కాస్త నైట్రోజన్. చలి సముద్రంలో కార్బన్ డయాక్సైడ్ మందకొడిగా వస్తుంది కాబట్టి దాన్ని తోయడానికి నైట్రోజన్. మామూలు వేడిలో రాఫ్టు ఒక్క నిమిషంలోపు లేచి నిలబడాలి, సున్నాకు కింద 30 డిగ్రీల్లో అయితే 3 నిమిషాల్లోపు. అంత ఊపుతో లేచే సరుకు దగ్గర హెడ్ కేబుల్ ఎవరి కాలికన్నా తగులుకుందంటే ఇరవై మంది పట్టే రాఫ్టు గదిలో ఉన్న బల్లల్నీ మనుషుల్నీ గోడకు నొక్కేస్తుంది. గ్యాస్ గదిలో నిండితే ఊపిరి ఆడదు, అది వేరే ప్రమాదం.

సిలిండర్ తీశాక పొడిగాలితో వర్కింగ్ ప్రెజర్ దాకా నింపి, రబ్బరు సర్దుకున్నాక గంటసేపు వదిలేస్తాం. గంటలో ప్రెజర్ 5 శాతం కంటే ఎక్కువ పడకూడదు. వినడానికి తేలిక. కానీ గది వేడి మారితే గేజి ముల్లు కూడా మారుతుంది. మధ్యలో ఏసీ ఆగినా, ఎవరన్నా షట్టర్ ఎత్తి ఎండ పడ్డా, మంచి రాఫ్టు చెడ్డదిగానూ చెడ్డది మంచిదిగానూ కనబడుతుంది. అందుకని గేజి పక్కన థర్మామీటరు పెట్టి మొదట్లో, ఆఖర్లో రెండూ రాసుకుంటాం. కొత్తోడికి ఆ గంట కాపలా ఇస్తే ఫోన్ చూసుకుంటాడు. పనికొచ్చేవాడెవడో నాకు అక్కడే తెలుస్తుంది.

పదేళ్లు దాటిన రాఫ్టుకు ఏటా ఇంకో పరీక్ష ఉంది, నాప్ టెస్ట్ అంటాం. ఎక్కువైన గాలిని వదిలే రిలీఫ్ వాల్వులకు బిరడాలు పెట్టి ప్రెజర్ నెమ్మదిగా పెంచుతూ పోవాలి, ఒక్కోసారి మామూలుకు రెట్టింపు దాకా. 5 నిమిషాలు ఆగాలి. ఆ 5 నిమిషాలు గదిలో ఎవరూ మాట్లాడకూడదు. అతుకులు వదులుతుంటే నిప్పుల్లో ఉప్పు వేసినట్టు చిటచిటమంటుంది. చప్పుడు వచ్చి ప్రెజర్ కూడా పడిందా, ఆ రాఫ్టుకు అక్కడితో సరి. చప్పుడొచ్చి ప్రెజర్ పడకపోతే ఏం చెయ్యాలన్నదానికీ పద్ధతి రాసి ఉంది: అన్ని అరల్లో ఒకేసారి తగ్గించుకుంటూ రావాలి.

అడుగు కుట్టుకు పరీక్ష ఇంకా తమాషా. రాఫ్టు ఒక పక్క పైకెత్తి ఉంచి, 75 కిలోలకు తగ్గని మనిషి అడుగు అంచు వెంబడి చుట్టూ పాకాలి. మన అప్రెంటిస్ పిలకాయలు ఒక్కరూ అంత తూగరు. మా దగ్గర క్యాంటీన్ వంటాయన వస్తాడు.

జిగురు సంగతి: రెండు పాళ్లు కలిపే జిగురు, వాసన ఘాటే. ఎగ్జాస్ట్ ఫ్యాను, ఫిల్టర్ ఉన్న మాస్కు లేకుండా ఆ బల్ల దగ్గర నిలబెట్టారంటే నువ్వు అక్కడ ఉండొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో గాలిలో తేమ ఎంతుంటుందో నీకు తెలుసు. తేమ గదిలో వేసిన అతుకు పైకి బ్రహ్మాండంగా కనిపిస్తుంది, గోరుతో లాగితే వస్తుంది. కాబట్టి చేరేముందు ఆ షెడ్డులో తేమ కొలిచే మీటరు గోడకుందా లేదా చూసుకో. ఉంటే, దాని పక్కన రోజువారీ అంకెలు రాసిన కాగితం ఉందా చూడు. నేనైతే స్టైపెండ్ కంటే ముందు అదే అడుగుతా.

థర్డ్ ఆఫీసర్ ఒంగోలు:
మేస్త్రి గారికి నమస్తే. నేను ఓడ మీద ఈ సామాన్ల లెక్క చూసేవాణ్ణి. రాఫ్టు ఎంత బాగా సర్వీస్ చేసినా ఓడ మీద కట్టేటప్పుడు పాడుచేస్తారు. పోర్టుకు వచ్చే సర్వీస్ కుర్రాళ్లకు ఇది నేర్పితే చాలు, ప్రాణాలు దక్కుతాయి.

రాఫ్టు డబ్బాను ఊయలకు, అంటే అది కూర్చునే ఇనుప చట్రానికి, పట్టి ఉంచే బెల్టు చివర హైడ్రోస్టాటిక్ అనే చిన్న ప్లాస్టిక్ పరికరం ఉంటుంది. ఓడ మునిగి అది నీళ్లలోకి పోయాక 4 మీటర్లలోపు లోతులో నీటి ఒత్తిడికి లోపలి కత్తి కదిలి తాడును తెంపుతుంది. బెల్టు ఊడి డబ్బా పైకి తేలుతుంది. డబ్బాలోంచి వచ్చే పెయింటర్ తాడు రెండో కొస ఇంకా ఓడనే పట్టుకుని ఉంటుంది. ఓడ దిగుతుంటే తాడు సాగి, బిగిసి, సిలిండర్ హెడ్‌ను లాగుతుంది, రాఫ్టు విచ్చుకుంటుంది. ఇప్పుడు తాడు తెగాలి, లేకపోతే విచ్చుకున్న రాఫ్టును ఓడ తనతోపాటు లాక్కుపోతుంది. అందుకే పెయింటర్‌ను ఓడకు నేరుగా కట్టరు, వీక్ లింక్ అనే బలహీనమైన ముక్కకు కడతారు. అది సుమారు 2.2 కిలోన్యూటన్లకు, అంటే దాదాపు 225 కిలోల లాగుడుకు తెగిపోయేలా చేసి ఉంటుంది.

నేను ఎక్కిన ఒక ఓడలో పెయింటర్‌ను తీసుకెళ్లి ఊయల ఇనుముకే ముడేశారు, "గట్టిగా ఉంటుందని". గట్టిగా ఉండకూడదన్నదే అక్కడ కిటుకు. సర్టిఫికెట్ మాత్రం నిగనిగలాడుతోంది.

గంగపట్నం సరంగు:
ఆ ముడి సంగతి మా బోటోళ్లకు చెప్తే నవ్వుతారు సార్, మాకు రాఫ్టే లేదు. ఫైబర్ బోటు, మోటారు, వల, ఐస్ పెట్టె, నలుగురు మనుషులు. జాకెట్లు సబ్సిడీలో ఇచ్చారు, తలకింద దిండుగా బాగున్నాయి. వల లాగేటప్పుడు ఆ దిమ్మ జాకెట్ తొడుక్కుంటే చెయ్యి ఆడదు, మధ్యాహ్నం ఎండకు ఉడికిపోతాం. అబ్బయా అల్లూరూ, నువ్వు ఆడ చేరితే మాకు పనికొచ్చే జాకెట్ ఏందో కనుక్కుని చెప్పు. ఈ ఓడల సామాను మాకు దేనికి?

టంగుటూరు బేరన్:
సరంగు మావా కరెక్ట్. మేస్త్రి గారూ, నా స్టిక్కర్ ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు.

కోవూరు కుట్టుమిషన్:
సరంగు అన్నకు నేను చెప్తా. పోర్టు సామాన్లు చూసే ఒక సర్వీస్ షెడ్డులో నాది జాకెట్ల బల్ల. టైలరింగ్ నేర్చుకుని వెళ్లాను, అక్కడ ఇద్దరం ఆడవాళ్లం ఉన్నాం.

జాకెట్లు రెండు రకాలు అన్నా. మీకిచ్చింది ఫోమ్ నింపింది. రెండోది గాలి జాకెట్, మెడ చుట్టూ సన్నగా పట్టీలా ఉంటుంది, వల లాగడానికి అడ్డం రాదు. మామూలు పెద్దల సైజుకు 33 గ్రాముల గ్యాస్ సీసా ఉంటుంది. లాగితే పొంగుతుంది. ఆటోమేటిక్ అయితే నీళ్లలో పడగానే కరిగే బిళ్ల ఒకటి ఉండి స్ప్రింగును వదిలేస్తుంది, అదే సీసాకు బొక్క పొడుస్తుంది. చిక్కు ఎక్కడంటే ఆ బిళ్ల తేమకు కూడా కరుగుతుంది. రోజూ అలల తుంపర పడే చిన్న బోటులో అది ఊరికే పొంగి కూర్చోవచ్చు. మీకు చేత్తో లాగేది, లేదా నీటి ఒత్తిడికి పనిచేసే రకం నయం. దానికి ఖర్చెక్కువ.

నా పని: సీసా మీద ఖాళీ బరువు, నిండు బరువు చెక్కి ఉంటాయి. చిన్న తూకంలో పెట్టి చూస్తాను, ఒక్క గ్రాము తేడా వచ్చినా పక్కన పెట్టాల్సిందే అంటుంది మా మాన్యువల్. జాకెట్‌కు పంపుతో గాలి నింపి రాత్రంతా వేలాడదీస్తాను. నోటితో ఊదకూడదు, ఉమ్మి తేమ లోపల చేరుతుంది. పొద్దున మెత్తబడిందా, సబ్బు నీళ్లు. ఆ తర్వాత ఈల, లైటు, మెరిసే పట్టీ, నడుం బెల్టు బకిల్. బకిల్ పళ్లు అరిగినవి మనుషులు పట్టించుకోరు. నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ పైకి, మనిషి కిందికి జారిపోయేది దానివల్లే.

అల్లూరు తమ్ముడూ, అరవం మూడు నెలల్లో వస్తుంది. ఇంగ్లీషు మాన్యువల్ చదవడం వస్తే అంతకంటే మేలు. బొమ్మలు చూసి మడత పెట్టే వాళ్లూ ఉన్నారు, కింద సన్న అక్షరాల హెచ్చరిక వాళ్లకు కనపడదు.

సింగరాయకొండ సార్జెంట్:
వాయుసేనలో పారాచూట్లు, పైలట్ల సర్వైవల్ కిట్లు చూసే సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. మీ పనికీ మా పనికీ చుట్టరికం దగ్గరే. మడతపెట్టినవాడు ఒకడు, తనిఖీ చేసేవాడు ఇంకొకడు. ఒక్కో దశ దాటగానే చూపించి సంతకం పెట్టించుకోవాలి, అన్నీ అయ్యాక ఒకేసారి కాదు. మూసేశాక లోపల ఏముందో దేవుడికి కూడా కనపడదు.

కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు మేం మొదట నేర్పేది పనిముట్ల లెక్క. నల్ల ఫోమ్‌లో ఒక్కో పనిముట్టుకు దాని ఆకారంలో గుంట కోసి ఉంటుంది. సాయంత్రం ఒక గుంట ఖాళీగా ఉంటే ఆరోజు ప్యాక్ చేసినవన్నీ విప్పుతారు, ఎవరూ ఇంటికి పోరు. కత్తెర మరిచిపోయి రాఫ్టు మడిచారనుకో, అది విచ్చుకున్న నిమిషంలోనే చిరుగుతుంది. ఆ షెడ్డులో పనిముట్లు ఎట్లా పెట్టుకున్నారో చూడు బాబూ. రేకు డబ్బాలో కుప్పగా పడేసి ఉంటే రెండోసారి ఆలోచించు.

ఐటీఐ మాస్టారు:
కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. బాబూ, "అప్రెంటిస్" అని నోటితో అనడం వేరు, 1961 అప్రెంటిస్ చట్టం కింద అప్రెంటిస్ వేరు. ప్రభుత్వ పోర్టల్‌లో నీ పేరున ఒప్పందం నమోదై దానికి నంబరు రావాలి. అది లేకుండా "ట్రైనీ" అని పెట్టుకుంటే ఏడాది తర్వాత నీ చేతిలో ఏ సర్టిఫికెట్టూ ఉండదు. 2019లో సవరించిన రూల్స్‌లో ఐటీఐ పాసైనవాళ్లకు కనీసం నెలకు 7,000 అని పెట్టారు. నీకు చెప్పింది దానికి సరిపోయింది. శిక్షణలో దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత యజమానిదే, అది కూడా ఒప్పందం ఉంటేనే గట్టిగా అడగగలవు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చితీరాలని చట్టంలో లేదు. "పర్మనెంట్ చేస్తాం" అని ఎవరన్నా అంటే రాతపూర్వకంగా అడుగు, ఇవ్వరు, అయినా అడుగు.

రాఫ్ట్ మేస్త్రి:
బేరన్ తమ్ముడికి ఇప్పుడు జవాబు.

స్టిక్కర్ మార్చి పంపే చోట్లు లేవని నేను అనను. చాలాకాలం కిందట ఒక చోట చేరి కొద్దిరోజుల్లోనే బయటికొచ్చా, ఎక్కడో చెప్పను. ఓడ సాయంత్రం బయల్దేరుతుంది, ఏజెంటు ఫోన్ మీద ఫోన్. రాఫ్టు తెరవడం, గంట ఆగడం, మళ్లీ మడవడం అంతా కలిపితే రోజు పడుతుంది. అక్కడే కక్కుర్తి పుడుతుంది. పద్ధతిగా చేసేవాళ్లు ఆ తొందరకు ఇంకో దారి పెట్టుకున్నారు: సర్వీస్ అయిన రాఫ్టును ఓడకిచ్చి, దాని రాఫ్టును తెచ్చుకోవడం. మార్పిడి. నీ కృష్ణపట్నం షెడ్డు చేసేది ఎక్కువగా అదే అయివుంటుంది, ఎందుకంటే బొగ్గు ఓడ అన్‌లోడింగ్ అయ్యాక ఒక్క పూట ఆగదు.

"తెరిచిందెవరు, చూసిందెవరు" అన్నావు. చూసేవాళ్లున్నారు. ఎక్కడో విదేశీ పోర్టులో ఇన్‌స్పెక్టర్ ఓడ ఎక్కి హైడ్రోస్టాటిక్ మీద తారీఖు చూస్తాడు. వాడి పారేసే రకమైతే దాని ఆయుష్షు రెండేళ్లు, నెలా సంవత్సరమూ దాని మీదే గుర్తుపెట్టి ఉంటాయి. తేడా వస్తే ఓడను ఆపేస్తాడు. తర్వాతి ఏడాది ఇంకో స్టేషన్‌లో డబ్బా తెరిచినవాడికి పోయినేడాది సంగతి మొత్తం కనిపిస్తుంది. నేను అట్లాంటివి తెరిచా. లోపల నీళ్ల పొట్లాల మీద తారీఖు దాటిపోయి ఉంది, డబ్బా మీద స్టిక్కర్ మాత్రం కొత్తది. ప్రమాద సంకేతానికి పెట్టే రాకెట్లు సరే, టార్చి బ్యాటరీలు కారి పక్కనున్న మందుల పెట్టెను తినేశాయి. సర్టిఫికెట్ మీద సంతకం చేసిన టెక్నీషియన్ నంబరు ఉంటుంది. తయారుచేసిన కంపెనీ ఆ నంబరు ఒక్కసారి రద్దు చేసిందంటే ఆ మనిషికి ఆ బ్రాండు మీద పని లేదు.

అల్లూరు తమ్ముడూ, నీ భవిష్యత్తు ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. ఒక్కో కంపెనీ రాఫ్టుకు మడత వేరు, హెడ్ వేరు, శిక్షణ వేరు. వాళ్ల దగ్గర కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడే సంతకం పెట్టగలడు, దాన్ని మళ్లీ మళ్లీ పునరుద్ధరించుకుంటూ ఉండాలి. అప్రెంటిస్ ఏడాదిలో నీకది రాదు. ఏడాది బాగా చేస్తే కోర్సుకు పంపుతారు. రెండు మూడు బ్రాండ్ల సర్టిఫికెట్లు ఉన్నవాణ్ణి విశాఖలోనూ పిలుస్తారు, గల్ఫులోనూ పిలుస్తారు. మేత ఫ్యాక్టరీలో ఈరోజు వచ్చే రెట్టింపు జీతం నిజమే. ఇంట్లో అప్పుంటే అటే పో, నేను తప్పనను.

అల్లూరు ఫిట్టర్:
అందరికీ పేరుపేరునా థాంక్స్. మళ్లీ షెడ్డుకు పొయ్యొచ్చా. మీటరు ఉండాది, కాగితం ఉండాది, మొన్న ఆదివారం అంకె కూడా రాసుండాది (ఆదివారం ఎవరొచ్చారని అడిగితే వాచ్‌మన్ రాస్తాడంట). పనిముట్లకు గుంటలు లేవు గానీ గోడ మీద పెయింటుతో ఆకారాలు గీసి మేకులకు తగిలించారు. మాస్కులు కొత్తవి. ఒప్పందం నంబరు వారంలో వస్తదన్నారు. నంబరు వచ్చాకే చేరతా. నాయనకు నాప్ టెస్ట్ సంగతి చెప్పినా, కాసేపు ఏం మాట్లాడలా, తర్వాత "ఆ వంటాయనకు జీతమెంత?" అన్నాడు.

థర్డ్ ఆఫీసర్ ఒంగోలు:
వంటాయన జీతం మాకూ కావాలి.

అల్లూరు ఫిట్టర్:
చేరి కొంతకాలమైంది, ఎవరికన్నా పనికొస్తదని రాస్తుండా. మొదట్లో ఊడవడమే, బేరన్ అన్న గెలిచాడు. కానీ ఎందుకు ఊడిపిస్తారో తెలిసింది: నేల మీద ఇసుక రేణువు ఉన్నా రాఫ్టు మడతలో పడితే ఏడాది పాటు ఒకేచోట రాసుకుంటూ ఉంటది. రబ్బరు అంటుకోకుండా టాల్కం పొడి చల్లడం నాకిచ్చారు. ఎక్కువ చల్లితే తిట్లు, తక్కువైనా తిట్లే.

ఇప్పుడు ప్యాక్ సంచి నాది, అంటే రాఫ్టు లోపల పెట్టే అత్యవసర సామాన్ల సంచి. సముద్రం దాటే ఓడల రాఫ్టుకు 'A' ప్యాక్: మనిషికి లీటరున్నర నీళ్లు, 10,000 కిలోజౌళ్ల బిస్కెట్, 4 పారాచూట్ రాకెట్లు, చేత్తో పట్టుకుని వెలిగించే మంటలు 6, 2 పొగ డబ్బాలు, ఇంకా సీ యాంకర్లు, తెడ్లు, స్పాంజీలు, నీళ్లు తోడే డబ్బా, అద్దం, ఈల, గాలం, వాంతులు ఆపే మాత్రలు. తీరం దగ్గరే తిరిగే వాటికి 'B' ప్యాక్, అందులో తిండీ నీళ్లూ ఉండవు, మంటలు సగమే. కత్తి మాత్రం సంచిలో ఉండదు. పెయింటర్ తాడు కట్టిన చోటు దగ్గర, చేతికి అందేలా బయట జేబులో ఉంటది, మొన బండగా ఉంటది. ఎందుకని అడిగితే మా టెక్నీషియన్ "నువ్వే చెప్పు, రేపు అడుగుతా" అన్నాడు. తాడు కోసుకుని ఓడ నుంచి విడిపోవాలి గదా, రాఫ్టుకే పోటు పడకూడదు గదా అన్నా. ఒప్పుకున్నాడు.

ఒక అనుమానం. సిలిండర్ తూకం వేస్తే చెక్కిన దానికన్నా కొంచెం తక్కువ వచ్చింది. మా టెక్నీషియన్ మాన్యువల్ చూసి పరిమితి లోపలే ఉందన్నాడు. ఆ పరిమితి అన్నిటికీ ఒకటేనా?

రాఫ్ట్ మేస్త్రి:
కాదు. తయారీదారు మాన్యువల్లో ఆ సిలిండర్‌కు ఏం రాసుంటే అదే. మన తలలోంచి అంకె తీయకూడదు. ఇంకోటి, నువ్వు తూకం వేసిన అంకెను నీ సొంత నోటుబుక్కులో కూడా రాసుకో. సర్టిఫికెట్ మీద వేరే అంకె కనపడిన రోజు ఎవరినీ నిలదీయొద్దు, "అన్నా, నా దగ్గర ఇట్ట ఉంది, మళ్లీ తూద్దామా" అను. మంచోడైతే తూస్తాడు. తూయకపోతే ఆ చోటు సంగతి నీకు తెలిసిపోతుంది. అప్రెంటిస్ దగ్గర సంతకం అడిగితే మాత్రం పెట్టొద్దు, నీకు ఆ అధికారమే లేదు.

గంగపట్నం సరంగు:
అబ్బయా, తారీఖు దాటిన రాకెట్లు పారేస్తారంట గదా. దీపావళికి నాలుగు మా పిలకాయలకు పంపు, ఖర్చులేని పని.

అల్లూరు ఫిట్టర్:
మావా, మా ఊరోళ్లు ఇప్పటికే ముగ్గురు అడిగారు.

థర్డ్ ఆఫీసర్ ఒంగోలు:
వద్దు సరంగన్నా, నవ్వులాట కాదు. అది 300 మీటర్లు పైకెళ్లి 40 సెకన్లు ఎర్రగా మండుతూ పారాచూట్ మీద దిగుతుంది. పాతది అయితే అంతెత్తు పోకుండానే పక్కకు తిరగొచ్చు, మీ పాలెంలో తాటాకు ఇళ్లున్నాయి. ఇంకా, ఎర్ర రాకెట్ అంటే ప్రమాదంలో ఉన్నామని. రాత్రిపూట తీరంలో అది కనపడితే కోస్ట్ గార్డు బోటు బయల్దేరాల్సిందే. మీరు దీపావళి చేసుకుంటుంటే వాళ్లు సముద్రంలో మిమ్మల్ని వెతుకుతుంటారు.

రాఫ్ట్ మేస్త్రి:
పైగా అవి పేలుడు పదార్థాల కిందికే వస్తాయి, లెక్కపెట్టి, తాళం వేసి, పద్ధతి ప్రకారం నాశనం చేయడానికి పంపాలి. ఒక్కటి తగ్గినా షెడ్డు లైసెన్సు మీదకొస్తుంది. తమ్ముడూ, ఊరోళ్లకు ముఖం మీదే లేదని చెప్పు.

గంగపట్నం సరంగు:
సరే సరే, రాకెట్లొద్దు. పాత జాకెట్లు? అవి పేలవు గదా.

కోవూరు కుట్టుమిషన్:
ఫెయిలైన జాకెట్లను మేం మధ్యకు కోసేస్తాం అన్నా, ఎవరూ మళ్లీ తొడుక్కోకుండా. తేలదని తెలిసిన దాన్ని మీకెట్లా ఇస్తాం? ఒక పని చేద్దాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో మీరంతా ఒడ్డునే ఉంటారు గదా. మా ఓనరును అడిగి రెండు రకాల గాలి జాకెట్లు, మీ దగ్గరున్న ఫోమ్ జాకెట్లు అన్నీ ఒక రోజు గంగపట్నంలో పెడతాం. తొడుక్కుని వల లాగి చూడండి, నడుములోతు నీళ్లలో దూకి చూడండి. మీ జాకెట్ల బకిళ్లు, కుట్లు అక్కడే చూసిపెడతాను.

గంగపట్నం సరంగు:
ఆ గాలి జాకెట్ ఒకసారి పొంగాక మళ్లీ సీసా కొనాలా? అది ఎంత పడుద్ది, నెల్లూరులో దొరుకుద్దా?

కోవూరు కుట్టుమిషన్:
సీసా మార్చాలి, బిళ్ల ఉన్న రకమైతే బిళ్ల కూడా. ధర కంపెనీని బట్టి మారుతుంది, వచ్చేటప్పుడు రేట్ల కాగితం తెస్తా. నెల్లూరు బజారులో నాకు కనపడలేదు, చెన్నై నుంచి తెప్పించాలి. పాలెంలో పది పన్నెండు బోట్లోళ్లు కలిసి ఆర్డరు పెడితే లారీ ఖర్చు కలిసొస్తుంది.

గంగపట్నం సరంగు:
పది మందిని నేను పోగేస్తా. సీసా బరువు తూచే ఆ చిన్న తూకం కూడా తీసుకురామ్మా, మాకొకటి ఎక్కడ దొరుకుద్దో చెప్పు.

టంగుటూరు బేరన్:
తారీఖు ఖాయమైతే ఇక్కడే పెట్టండి. నేనూ వస్తా, 82 కిలోలున్నా, మీ పాకుడు పరీక్షకు పనికొస్తానేమో.